ఏలూరు, బందరు పట్టణముల బిషప్పుల సంఘము – మన సమాజము

కులసభ వార్షిక సంచికలో క్రైస్తవ దేవాలయ చరిత్ర యేల యని చదువరులలో కొందఱు ప్రశ్నింపవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. మన మహాసభ మతముల తగవు తీర్చుటకై యేర్పడినది కాదు. ఏ దేవునికి మ్రొక్కవలెనో ఎవరి మనస్సు వారికి చెప్పును. కాని కృష్ణా గోదావరుల నడిమి మాలపల్లెలలో ఏ యింటి వంశవృక్షమును వ్రాయబూనినను, మూడు నాలుగు తరములు వెనుకకు పోవునప్పటికి అందొక కొమ్మ చర్చి రిజిస్టరులోనికి పోవుచున్నది. అన్న రామభజన చేయుచుండగా తమ్ముడు క్రైస్తవ కీర్తన పాడుచుండును. పెండ్లికి ఇద్దఱును వత్తురు, పాడె ఇద్దఱును మోయుదురు. ఒక కొమ్మను నఱికివైచి వంశచరిత్ర వ్రాయుట మాకు సాధ్యముగా తోచలేదు. అందుచేత ఈ సంవత్సరము ఆ కొమ్మను గుఱించియే నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాము.

ఆంధ్రదేశమునకు వచ్చిన మిషనులు పెక్కు. నరసాపురమునకు 1836 సంవత్సరమున బౌడెను, బీరు అను ఆంగ్లేయులు వచ్చి స్థాపించిన బ్రదరన్ సంఘమునకు బిషప్పులు లేరు. రాజమహేంద్రవరమున లూథరనులు, కాకినాడలో 1874 మొదలు కెనడా బాప్టిస్టులు పనిచేసిరి. మేము వ్రాయబూనినది వీరిని గుఱించి కాదు. బిషప్పు, గురువు, పరిచారకుడు అను మూడంతస్తుల యేలుబడి గలిగి, ఇంగ్లాండు దేశపు రాజసంఘమునుండి పుట్టి, సి.ఎం.ఎస్. అను మిషను మూలమున బందరు, ఏలూరు, బెజవాడ పట్టణములలో నాటుకొనిన సంఘమును గుఱించి. దీనినే ఆంగ్లేయులు ఎపిస్కోపల్ చర్చి యందురు. మనవారు దొరతనము వారి గుడి యనియు, సి.ఎం.ఎస్. గుడి యనియు పిలిచెడివారు. 1947 తరువాత సి.ఎస్.ఐ. యను పేరే నిలిచినది.

రాజమహేంద్రవరము ఈ సంఘమునకు దక్కక తప్పిపోయిన వృత్తాంతము చిత్రమైనది. ఉత్తర జర్మనీ మిషనువారు 1845 ప్రాంతమున ఆ యూర ప్రారంభించిన పని 1851లో అమెరికా లూథరనుల చేతికి వచ్చెను. అమెరికాలో అంతర్యుద్ధము, ధనలోపము, పనివారి లోపము చేరి, 1869 నాటికి ఆ స్థానమును సి.ఎం.ఎస్. వారికి అప్పగింప నిశ్చయించిరి. గుంటూరున 1842లో లూథరను మిషను స్థాపించిన హయ్యరు గారు అప్పటికి డెబ్బదియాఱేండ్ల వృద్ధు. ఆయన పెన్సిల్వేనియాలోని రెడింగు పట్టణమున జరిగిన సభలో లేచి, ఈ యప్పగింత తగదని వాదించి, పోవువారెవ్వరును లేకున్న తానే పోయెదనని పలికి, ఆ వయస్సున మరల సముద్రము దాటి యా సంవత్సరాంతమున రాజమహేంద్రవరము చేరెను. ఆ ముదుసలి యోడ యెక్కకున్న గోదావరి యొడ్డున నేడు బిషప్పుల సంఘమే యుండెడిది. కావున మన జిల్లాలో ఈ సంఘపు చరిత్ర గోదావరికి పడమట ఏలూరును, దాని తల్లియైన బందరును ఆశ్రయించుకొని యున్నది.

బందరున మిషను రాకముందే దొరల గుడి యుండెను. కోటదండునకు అధిపతియైన జాన్ పేటర్ అను సేనాని తాను వలచిన అరబెల్లా రాబిన్సను అను కన్య 1809లో చనిపోగా ఆమె సమాధి మీదనే సెయింటు మేరీ దేవాలయమును కట్టించెననియు, ఆమె దేహము అద్దపు మూతగల పేటికలో చిరకాలము చెడక కానవచ్చెననియు బందరు వాసులు చెప్పుకొందురు. ఇందు కథ యెంత, చరిత్ర యెంత యన్న విచారణ మన కక్కఱలేదు. గమనింపవలసినది యొక్కటి: ఆ గుడి దొరలకై దొరలు కట్టుకొన్నది. అందు తెలుగు ప్రార్థనకు గాని, తెలుగువానికి గాని పని లేదు. బంట్రోతు వాకిట నిలువవలసినవాడే.

తెలుగువారికై వచ్చిన మొదటి యిద్దఱు హెన్రీ వాట్సను ఫాక్సు, రాబర్టు టర్లింగుటను నోబిలు. ఇద్దఱును 1841లో ఒకే యోడలో వచ్చిరి. ఫాక్సు ఆక్సుఫర్డు విద్యార్థి. ఎండనక వాననక పల్లెలు తిరిగి ప్రకటించు స్వభావము గలవాడు. ఏడేండ్లలో భార్యను పోగొట్టుకొని, ఆరోగ్యము పోగొట్టుకొని స్వదేశము చేరి 1848లో ముప్పదియొక యేట మరణించెను. అతడు చదివిన రగ్బీ పాఠశాల విద్యార్థులు అతని పేర ధనము ప్రోగుచేసి బందరు బడిలో నొక యుపాధ్యాయుని పోషించిరి. ఆ పదవికి రగ్బీ–ఫాక్సు మాష్టరు అని పేరు. నోబిలు తీరు వేఱు. ఆయన కేంబ్రిడ్జి విద్యార్థి. పై కులములవారిని చదువు మూలమున పట్టుకొన్నచో దేశమంతయు వారి వెంబడి వచ్చునని యాయన నమ్మకము. 1843 నవంబరులో బడి తెఱచెను. ఇరువదినాలుగేండ్లు స్వదేశము మొగము చూడక, పెండ్లి యాడక, ఆ బడినే సంసారముగా చేసికొని 1865 అక్టోబరులో బందరుననే కన్నుమూసెను. అట్టి త్యాగమును ఎవ్వరును కాదనజాలరు.

కాని యొక మాట దాచరాదు. ఆ బడిలో మన పిల్లలకు చోటు లేదు. బ్రాహ్మణ, వైశ్య, వెలమాది కుటుంబములు తమ బిడ్డలను పంపవలెనన్న మాల, మాదిగ, పాకీవారి బిడ్డలు ఆ బల్లలమీద కూర్చుండరాదని నోబిలు గారు తామే నియమము పెట్టిరి. సమానత్వమును బోధించు గ్రంథము చేతబట్టుకొని వచ్చినవారు బందరు చేరగానే బందరు కట్టుబాటునకు తలయొగ్గిరి. ఆయన నిర్బంధములు ఆయనకుండవచ్చును; పై కులముల బిడ్డలు లేనిదే బడి లేదు, బడి లేనిదే పని లేదు. ఐనను ఆ వాకిటినుండి త్రిప్పి పంపబడిన బాలురు ఎవరి తాతలో మన మెఱుగుదుము. నోబిలు కళాశాలను పొగడు వ్యాసములు మనవారిలోను చాల వ్రాయబడినవి. వానిలో ఈ నియమమును గుఱించిన వాక్యము తఱచుగా కానరాదు.

ఇక నా బడి ఫలము చూడుడు. తొమ్మిదేండ్ల శ్రమకు పిమ్మట 1852లో ఇద్దఱు విద్యార్థులు, మంచాల రత్నము, ఐనాల భూషణము అనువారు బాప్తిస్మము పొందిరి. ఊరు అట్టుడికినట్లుడికెను. తల్లిదండ్రులు పిల్లలను లాగికొనిపోగా బడి ఖాళీ యయ్యెను. కొంతకాలమునకు మరల నిండెను. మరల నొకరిద్దఱు క్రైస్తవులగుటయు, మరల ఖాళీ యగుటయు జరిగెను. రత్నము, భూషణము గార్లు పిమ్మట గురువులైరి. జానీ అల్లీ యను ముసల్మాను విద్యార్థి క్రైస్తవుడై కేంబ్రిడ్జి వఱకు పోయి చదివివచ్చెను. వీరందఱును ఇల్లు, ఆస్తి, కులము విడిచి వచ్చిన ధీరులు. ఐనను వ్రేళ్లమీద లెక్కింపదగిన వారు. పై కులములు వెంబడి వచ్చునన్న నోబిలు గారి లెక్క లెక్కగానే మిగిలినది.

ఆయన చనిపోవుటకు ముందటి సంవత్సరము, 1864 నవంబరు 1వ తేదీ రాత్రి, బందరును సముద్రము ముంచెత్తెను. ఉప్పెనలో బందరునను చుట్టుపట్ల గ్రామములలోను సుమారు ముప్పదివేలమంది పోయిరని లెక్క. కోటప్రాంతపు వైభవము ఆ రాత్రితో సగము నశించెను. మిషను పనికి కేంద్రము క్రమముగా లోపలి పట్టణములకు, బెజవాడకు, ఏలూరునకు జరుగుటకు ఇదియు నొక కారణమని మా యభిప్రాయము. కాలువలు మఱియొక కారణము.

నోబిలు గారు పై మెట్టునుండి త్రవ్వుచుండగా నీరు క్రింది మెట్టున పడినది. కృష్ణా మండలములోని రాఘవాపురమున పగోలు వెంకయ్య యను మాల కులస్థు డుండెను. యౌవనమున దోపిడీలకు పేరుపడినవాడని మిషను చరిత్రకారులు వ్రాసియున్నారు. విగ్రహములు దేవుడు కావన్న మాట యొకనాడు ఎవరినోటనో విని, ఆ మాట విడువక, పేరు తెలియని దేవునికి ఏండ్ల తరబడి ప్రార్థన చేసెనట. 1859లో కృష్ణాస్నానముల తిరునాళ్లకు బెజవాడ పోగా, అచ్చటి డార్లింగు దొర యిట్టి సంగతులే చెప్పునని యొక బ్రాహ్మణుడే త్రోవ చూపెను. డార్లింగు గారు అప్పటికే పెక్కేండ్లు పనిచేసి, ఫలము కానక విసిగియున్నవారు. తన్ను వెదకికొనుచు వచ్చిన ఈ పల్లెవానిని చూచి ఆయనయే ఆశ్చర్యపడెను. వెంకయ్య తన వారనేకులతో గూడ ఆ యేడే బాప్తిస్మము పొందెను. దొర వెంకయ్యను వెదకలేదు, వెంకయ్యయే దొరను వెదకెను. మనవారి మతాంతరమును గుఱించి బియ్యమునకై పోయిరని తేలికగా మాటలాడువారు ఈ సంగతిని తిన్నగా చదువవలెను. కఱవు కాలమున గంజికేంద్రమునకు పోయినవారు లేరని మేము చెప్పము. ఆకలి సిగ్గుపడవలసిన నేరమును కాదు. కాని 1859లో రాఘవాపురపు వెంకయ్యకు ఎవ్వరును బియ్యము కొలిచి పెట్టలేదు.

ఏలూరున సి.ఎం.ఎస్. వారు 1854లో స్థానమేర్పఱచిరి. ఆంధ్రదేశమునకు అది మంచి సమయము. ధవళేశ్వరమున కాటను గారి యానకట్ట 1852 నాటికి పూర్తియై యుండెను. బెజవాడ యానకట్ట 1855లో ముగిసెను. గోదావరి నీరును కృష్ణ నీరును తెచ్చు కాలువలు రెండును ఏలూరున కలిసికొనుటచే ఆ యూరు పడవల కూడలి యయ్యెను. మిషనరీలు పడవలలో నివసించుచు రేవు రేవునను దిగి పల్లెలు చూచెడివారు. ఎఫ్. ఎన్. అలెగ్జాండరు గారు ఏలూరున చాలకాలము పనిచేసినవారు. గోదావరి యెగువను దుమ్ముగూడెమున నదీపనులు చూచుచున్న హేగు అను ఇంజనీరు చొరవచే 1860 ప్రాంతమున కోయవారి నడుమ ఇదే సంఘము పని మొదలుపెట్టినది. అందు మొదటి పనివాడు హేగుగారి కచ్చేరి యుద్యోగియైన వెంకటరామరాజు గారు. ఇంజనీర్లు త్రవ్విన కాలువలు భూస్వామి పొలమునకు నీరు తెచ్చినవి. పాలేరుతనము చేయు మన పల్లెకు నీటితో గూడ పడవయు, పడవతో గూడ బడియు తెచ్చినవి. భూమి మాత్రము రాలేదు. ఈ మాట మఱువరాదు.

పట్టణములో సంఘ మెట్లు పెరిగెనో తెలియవలెనన్న బోర్డింగు బడిని చూడవలెను. పల్లెలో నొక పాక. పగలు బడి, సాయంకాలము ప్రార్థన. అందు అక్షరములు దిద్దిన బాలురలో చురుకైనవానిని పంతులు ఏలూరు గాని, బెజవాడ గాని, బందరు గాని పంపును. తండ్రి ఒక్క పాలేరు కూలి వదలుకొనవలెను. ఆ కాలమున అది చిన్న త్యాగము కాదు. గొడ్లు కాయవలసినవాడు చదువునకు పోయెనని కాపు కోపగించిన సందర్భములు ఏ పల్లెలోనైనను వృద్ధులు చెప్పగలరు. బాలుడు బోర్డింగులో నేలమీద పండుకొని, వంతుచొప్పున వంటచెఱకు మోసి, రాగిసంకటియో వరియన్నమో తిని, ఆఱేడేండ్లలో పంతులై తిరిగివచ్చును. వచ్చినవాడు పల్లెలో ఉత్తరములు చదువును, ప్రామిసరీ నోటులో నేమి వ్రాసియున్నదో చెప్పును, రసీదు అడుగుమని బోధించును. ఒక్క పంతులు ఉన్న పల్లెలో వేలిముద్రల వడ్డీ వ్యాపారము కొంత జంకుట సహజము. ఇట్టి పంతుళ్ల బిడ్డలు మరల పట్టణము చేరి గుమాస్తాలు, నర్సులు, ఉపాధ్యాయులు, రైల్వే యుద్యోగులు అయిరి. పట్టణపు దేవాలయములో ఆదివారమునాడు నిండిన బల్లలు వీరివే. నోబిలు గారు తమ బడిలో కూర్చుండనీయని వారి మనుమలు ఆ సంఘములోనే గురువులై వేదిక యొద్ద నిలిచిరి. దీని నెవ్వరును యోచించి ఏర్పాటు చేయలేదు; చరిత్రలో పెద్దపనులు పెక్కు ఇట్లే జరుగుచుండును.

పట్టణ సంఘపు సంవత్సరము ఎట్లు నడచెడిదో, కొంతవఱకు నడచుచున్నదో, క్రైస్తవేతర సభ్యుల కొఱకు కొంచెము చెప్పెదము. ఈ సంఘమున ప్రార్థన గ్రంథము ప్రధానము. గురువొకటి చదువ, ప్రజ లొకటి పలుకుదురు; చదువురాని ముదుసలులును ఏండ్ల యభ్యాసముచే తప్పులేక పలికెదరు. కీర్తనలు మాత్రము మన రాగములలోనివే. హార్మనీయము, తబల, తాళములు లేని తెలుగు దేవాలయము నెవ్వ డెఱుగును? డిసెంబరులో రాత్రులు బాలురు లాంతరు పట్టుకొని ఇంటింటికి పాడుచు పోవుదురు. డిసెంబరు 31వ తేదీ అర్ధరాత్రి పాత సంవత్సరమును సాగనంపు ఆరాధనకు ఇతర మతస్థులును వచ్చి వెనుక నిలుచుట కలదు. ఈస్టరునాడు తెల్లవారక ముందే సమాధుల తోటకు పోయి క్రొవ్వొత్తులు వెలిగింతురు. సున్నము వేసిన సమాధులమీద బంతిపూలు పెట్టుదురు. మన పెద్దలకు పెట్టుకొను నాటి భక్తికిని దీనికిని ఎంత దూరమో మాకు తెలియదు; దగ్గఱయే యని తోచును.

అన్నిటికంటె చూడదగినది కోతపండుగ. సంక్రాంతి ప్రాంతమున మాసూళ్లు ముగియగానే పల్లెలనుండి వడ్ల మూటలు, కొబ్బరికాయలు, గుమ్మడికాయలు, కోళ్లు, అరటిగెలలు తెచ్చి గుడిముందు పెట్టుదురు. ప్రార్థన ముగిసిన పిదప వేలము. ఒక కోడిపుంజు మూడుమాఱులు అమ్ముడుపోవును. కొన్నవాడు మరల గుడికే యిచ్చివేయును, మరల వేలము వేయుదురు. పరిహాసములతో పందెములతో ఆ సాయంకాలము గడచును. పట్టణమువారికి పొలములు లేవు కావున జీతములో మొదటి భాగము కవరులో పెట్టి యిత్తురు. స్త్రీలు ప్రతిపూట ఎసటిలో బియ్యము పోయుటకు ముందు ఒక పిడికెడు వేఱు కుండలో వేసి, ఆదివారము గుడికి తెత్తురు. ఈ పిడికిటి బియ్యముతో గురువుల జీతములలో కొంత గడచినది. మన కులసభలు చందాలకై ధనవంతుల గుమ్మములు చుట్టుచుండగా, కూలి చేసికొను స్త్రీలు పిడికెడు చొప్పున ఒక సంఘమును నిలువబెట్టుట మన కార్యదర్శులు యోచింపవలసిన విషయము.

ఈ పద్ధతుల నన్నిటిని క్రమపఱచినవారు బిషప్పు అజరయ్య గారు. వేదనాయకం శామ్యూలు అజరయ్య 1874లో తిరునెల్వేలి ప్రాంతమున ఒక పల్లె గురువునకు కుమారుడుగా జన్మించెను. నాడారు కులస్థుడు, ఆ కులమువారును ఒకప్పుడు గుడి మెట్లెక్కనీయబడని వారే. మద్రాసు బిషప్పు వైట్‌హెడ్ గారు పట్టుబట్టి, 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో ఈయనను దోర్నకల్లు బిషప్పుగా అభిషేకింప జేసిరి. ఇండియాలో ఆంగ్ల సంఘమునకు భారతీయుడు బిషప్పగుట ఇదియే ప్రథమము. నల్లవాని క్రింద తెల్లవారు పనిచేయుదురా యని సందేహించిన దొరలు లేకపోలేదు. 1910లో ఎడింబరో మహాసభలోనే ఆయన, మీరు మాకు ధనమిచ్చితిరి, ప్రాణమిచ్చితిరి, స్నేహము మాత్రమియ్యలేదను భావముతో నిర్మొగమాటముగా ప్రసంగించి యుండెను. మొదట చిన్నదైన ఆ మండలము 1920 తరువాత కృష్ణా, పశ్చిమగోదావరి ప్రాంతముల సి.ఎం.ఎస్. సంఘములను గూడ కలుపుకొని పెద్దదయ్యెను. 1912లో సుమారు 56,000 మంది యున్న సంఘస్థులు 1941 నాటికి 2,25,000 దాటిరి. వీరిలో అధికసంఖ్యాకులు మాల మాదిగ కులములవారు. ఆయన కట్టించి 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠించిన దోర్నకల్లు దేవాలయము గోపురములు, కమానులు, స్తంభములు కలిసి మన దేశపు గుడిమసీదుల పోలికతో నుండును. స్త్రీల సంఘములను ఆయన భార్య అంబు అమ్మగారు నడిపిరి.

గాంధీమహాత్ముడు 1936–37 సంవత్సరములలో ‘హరిజన’ పత్రికలో ఆంధ్రదేశపు సామూహిక మతాంతరమును తీవ్రముగా విమర్శించెను. హరిజనుడు అమాయకుడు, పశుప్రాయముగా తోలబడుచున్నాడను ధోరణి ఆ విమర్శలో కలదు. మహాత్మునియందు మాకు గల గౌరవమునకు లోపము లేదు. ఐనను ఈ విషయమున మా మన స్సొప్పదు. పొలము గట్టున నిలిచి గంటలకొలది యోచించి కొడుకును బడికి పంపిన తండ్రి అమాయకుడు కాడు. అటుపై డాక్టరు అంబేద్కరు గారు, మా వారు క్రైస్తవులైనచో మీలో ఏ సంఘమున చేరవలెను, ఊరూర చీలిపోవలెనా యని అజరయ్య గారిని అడిగెనను వృత్తాంతమొకటి ప్రసిద్ధము. అజరయ్య గారు సంఘైక్యమునకై అంతగా పాటుపడుటకు ఈ ప్రశ్న యొక కారణమందురు. ఆయన 1945 జనవరి 1వ తేదీన చనిపోయెను. ఐక్యము 1947 సెప్టెంబరు 27వ తేదీన మద్రాసున నెఱవేఱి, ఆంగ్ల, మెథడిస్టు, ప్రెస్బిటీరియను, కాంగ్రిగేషనలు సంఘములు దక్షిణ ఇండియా సంఘమైనవి. లూథరనులు, బాప్టిస్టులు వెలుపలనే నిలిచిరి. మన ప్రాంతమునకు కృష్ణా–గోదావరి మండలమేర్పడి, వై. ముత్యాలు గారు మొదటి బిషప్పైరి. నంద్యాల ప్రాంతపువారు చిరకాలము ఐక్యమునకు ఒప్పక 1975లో గాని చేరలేదు. ఆ నంద్యాల మండలమునకే 2013లో పుష్పలలిత గారు బిషప్పై, సి.ఎస్.ఐ.లో ఆ పదవి నలంకరించిన మొదటి స్త్రీ యైరి.

ఇక కఠినమైన సంగతికి వత్తము. సంఘములో కులము పోయినదా? పోలేదు. ఈ సంఘమున ప్రభురాత్రి భోజనమునకు పాత్ర యొక్కటే. వరుసగా మోకరిల్లినవా రందఱును ఆ యంచుననే పెదవి యానింపవలెను. మన దేశమున ఇంతకంటె కులమును పరీక్షించు సాధనము మఱొకటి కనుగొనుట కష్టము. పై కులములనుండి వచ్చిన కొలదిమంది ఈ పరీక్షలో నెగ్గిరి, వారిని గౌరవింపవలెను. కాని మాల మాదిగల నడుమ గల గోడ ఆ పాత్రకును లొంగలేదు. ఒకే బిషప్పు క్రింద మాలల గుడి వేఱు, మాదిగల గుడి వేఱు అయిన పల్లెలు కలవు. బల్లమీద ప్రక్కప్రక్కనే కూర్చుండువారు వియ్యమందుటకు ఇష్టపడరు. సంఘపు టెన్నికలలో, ఉద్యోగములలో ఎవరి పక్షము వారిదే. దీనికి దొరలను నిందించి ప్రయోజనము లేదు. ఈ గోడ మనము మోసికొనిపోయినదే. మాల సమాజమునకు చెందిన మేమే ఈ మాట వ్రాయుట ధర్మమని వ్రాయుచున్నాము.

మఱొక గోడ ప్రభుత్వము కట్టినది. బెజవాడలో 1917లో భాగ్యరెడ్డివర్మ గారి యధ్యక్షతను పంచమ మహాసభ కూడి, మనము పంచములము కాము, ఆది ఆంధ్రులమని చాటినప్పుడు మతభేదము అడ్డురాలేదు. అక్షరము నేర్చిన మనవారిలో మిషను బడులలో నేర్చినవారే యా దినములలో పెక్కురు. కాని 1936 నాటి షెడ్యూల్డు కులముల యుత్తర్వు ఇండియను క్రైస్తవుని ఆ జాబితానుండి వేఱుచేసెను. 1950 నాటి రాష్ట్రపతి యుత్తర్వు హిందువులకు మాత్రమే ఆ పేరు పరిమితము చేసెను; 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి. క్రైస్తవులైన మనవారు మన రాష్ట్రమున వెనుకబడిన తరగతులలో ‘సి’ వర్గముగా నూటికి ఒక్క పాలు రిజర్వేషను గలవారైరి. శాసనసభ 2009లోను, మరల 2023 మార్చిలోను ఈ భేదము తొలగింపవలెనని కేంద్రమును కోరుచు తీర్మానించినది.

ఈ తీర్మానముల న్యాయాన్యాయములమీద మన సభ్యులలో రెండభిప్రాయములు కలవని మే మెఱుగుదుము. ఉన్న రొట్టెను మఱియొకరితో పంచుకొనవలసివచ్చునన్న భయము నిజమైన భయమే. దానిని తిట్టి పోగొట్టలేము. ఐతే ఇప్పుడు జరుగుచున్న దేమి? అన్న షెడ్యూలు కులస్థుడు, తమ్ముడు కాడు. కులపేరుతో తిట్టించుకొను వేళ మాత్ర మిద్దఱు నొక్కటే. చర్చి రిజిస్టరులో నొక పేరు, బడి రిజిస్టరులో మఱొక పేరు పెట్టుకొని బిడ్డలు పెరుగుచున్నారు. బాప్తిస్మపు పేరు ఇంటిలో పిలుచుటకు, తాతపేరు సర్టిఫికెట్టునకు. అబద్ధమాడవలెనని ఏ తల్లియు కోరదు. ఈ బిడ్డలను మతము మాఱి మోసము చేయుచున్నారని దూషించు కరపత్రములు మన సభ పేరుతో వెలువడరాదని మా విన్నపము. న్యాయస్థానములు, పార్లమెంటు ఏమి తేల్చినను తేల్చుగాక. ఇంటిలోని చీలికను మనమే పెద్దది చేయనక్కఱలేదు.

తుదకు పోషకులకు ఒక మనవి. మనవారి చరిత్ర శాసనములలో లేదు, కైఫీయతులలో లేదు. జమీందారు లెక్కలలో నున్నచో పాలేరుగానో, బాకీదారుగానో యుండును. పందొమ్మిదవ శతాబ్దిలో మన తాతముత్తాతల పేర్లు, వారి తండ్రుల పేర్లు, ఊరు, వృత్తి, పుట్టిన దినము, పెండ్లియైన దినము, మట్టిలో కలిసిన దినము వరుసగా వ్రాయబడిన పుస్తకము లున్నవన్న అవి ముఖ్యముగా దేవాలయముల బాప్తిస్మ, వివాహ, భూస్థాపన రిజిస్టర్లే. క్రైస్తవులు కాని శాఖలవారికిని అందు చుట్టరికపు ఆధారములు దొరకును. కాగితము చెమ్మకు చెదలకు లోబడునది. మన డెల్టాలో రెండును సమృద్ధి. గురువుల యనుమతితో వీనిని ఛాయాచిత్రములు తీయించి, పేర్ల పట్టిక వ్రాయించుటకు ఇద్దఱు చదువుకొన్న యువకులును, ఒక కెమెరాయు, రెండేండ్ల భోజనవ్యయమును చాలును. ఏలూరుతో ప్రారంభించి బందరు, బెజవాడలకు పోవచ్చును. పాత సమాధిరాళ్లమీది వ్రాతలను గూడ ఈ పనితోడనే ఎత్తి వ్రాసికొనవలెను. 2022లో ఏలూరు తనపేరనే జిల్లాయై, కచ్చేరులు క్రొత్తగా ఏర్పడి, పాత కట్టడములు పలుచోట్ల పడగొట్టబడుచున్న ఈ దినములలో ఆలస్యము మంచిది కాదు. ఈ పనికి పూనుకొను దాత లెవరైన నున్నచో మహాసభ దినములలోనే కార్యదర్శులకు తెలుపగోరెదము.